హద్దురాయి కింద బొగ్గు

దయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. పెళ్లిళ్లలో, బస్సుల్లో ఎవరైనా "ఫలానా మలుపు కాడ తెల్లచీర" అని మొదలుపెడితే లేచి అవతలికి పోతాను. నేను కొలతల మనిషిని. ఇరవై ఏళ్లకు పైగా వనపర్తిలో ఉండి పొలాలు కొలిచి బతుకుతున్నాను. కంటికి ఎదురుగా ఉన్నదాన్ని కూడా మూడుసార్లు కొలిస్తే తప్ప కాగితం మీదికి ఎక్కించను. నన్ను దయ్యాలను నమ్మమంటే ఎలా నమ్ముతాను?

ఇప్పటికీ నమ్మను. అయినా ఇది రాస్తున్నాను, రాస్తుంటే రోత పుడుతోంది. భయం కాదు, రోతే. జరిగింది పట్టపగలు, పదిమంది మధ్యలో. అందులో భయపడాల్సింది దాదాపు ఏమీ లేదు. అసహ్యించుకోవాల్సిన మనుషులు మాత్రం ఇద్దరున్నారు. అందులో ఒకణ్ని నేను.

ముందు బాలస్వామి గురించి చెప్పాలి. నేను పని నేర్చుకునే రోజుల్లో ఒక పెద్ద సర్వేయర్ దగ్గర సహాయకుడిగా ఉండేవాణ్ని. బాలస్వామి ఆయన దగ్గర చైన్‌మన్. చైన్‌మన్ అంటే గొలుసు లాగేవాడు, రాడ్ పట్టేవాడు, హద్దురాళ్లు పాతేవాడు. కొలిచిన సారుకు పేరు, చైన్‌మన్‌కు ఎండ. అప్పటికే ఆయనకు యాభై దాటాయి. వీపనగండ్ల నుంచి కొల్లాపూర్ దాకా ఆయన పాతని రాయి లేదంటే నమ్మొచ్చు. నేను ఆయన్ని పెద్దయ్యా అనేవాణ్ని, ఆయన నన్ను బిడ్డా అనేవాడు.

అప్పట్లో మా దగ్గర పాత ఇత్తడి థియోడలైట్ ఉండేది. మూడు కాళ్ల స్టాండు మీద పెట్టి దుర్భిణిలోంచి చూసి కోణాలు కొలిచే పరికరం. అందులో చూస్తే మనిషి తలకిందులుగా కనిపిస్తాడు. ఆకాశం కింద, నేల పైన. పాతకాలపు అద్దాల అమరిక అలాంటిది, అందులో వింతేమీ లేదు. నాలుగు రోజులు కళ్లు తిరుగుతాయి, తర్వాత అలవాటైపోతుంది. ఆరేళ్లపాటు నేను బాలస్వామిని నిలువుగా చూసినదానికంటే తలకిందులుగా చూసిందే ఎక్కువ.

ఆయన రాడ్ పట్టే తీరు వేరు. ఎర్రపట్టీలు, తెల్లపట్టీలు వేసిన ఆ రాడ్‌ను అందరూ పిడికిలి బిగించి పట్టుకుంటారు. ఆయన బొటనవేలు, చూపుడువేలు మధ్య వదులుగా ఉంచేవాడు. కాళ్లు రెండూ దగ్గరికి చేర్చి రాడ్ వెనక నిలబడేవాడు. ఎడమ భుజం మీద ఎర్ర తువ్వాలు. "గట్టిగ పడితె వంగుతది బిడ్డా. జర వదిలిపెట్టు, దాని బరువుకు అదే సక్కగ నిలవడ్తది" అనేవాడు.

బొగ్గు సంగతి నేర్పింది కూడా ఆయనే. హద్దురాయి పాతేముందు గుంటలో అడుగున దోసెడు కట్టెబొగ్గు పోసి, కుండపెంకులు వేసి, ఆ పైన మన్ను, దానిపైన రాయి. "రాయిదేముంది బిడ్డా, ఇద్దరు మనుషులు, ఒక గడ్డపార ఉంటె ఒక్క రాత్రిల నడుస్తది. బొగ్గు నడవదు. మన్నుల ఎన్నేండ్లున్నా గట్లనే ఉంటది." ఇది చాలామంది పాత చైన్‌మన్‌లకు తెలిసిన పద్ధతే. బాలస్వామికి మాత్రం ఇంకో అలవాటు ఉండేది. బొగ్గు మీద ఒక పెద్ద కుండపెంకును, అంచు ఉన్న ముక్కను ఏరి, బోర్లా మూసేవాడు. వాన నీళ్లు నేరుగా దిగి బొగ్గు చెదరకుండా ఉంటుందని.

తర్వాత నేను లైసెన్సు తెచ్చుకుని సొంతంగా పని పెట్టుకున్నాను. ఇత్తడి థియోడలైట్లు పోయి టోటల్ స్టేషన్లనే కొత్త మిషన్లు వచ్చాయి. కరోనా రెండో విడతలో బాలస్వామి పోయాడని ఫోన్ వచ్చింది. రేపు పోదాంలే అనుకున్నాను. ఆ రేపు రాలేదు. అందరికీ ఒక సాకు దొరికిన రోజులవి, నేనూ ఆ సాకునే వాడుకున్నాను.

ఇక రెండో మనిషి. పేరు జనార్దన్ అనుకోండి. హైవే మీద దాబా నడుపుతాడు, ట్రాక్టర్లు తిప్పుతాడు. వీపనగండ్ల అవతల ఒక ఊళ్లో, బాలస్వామి పుట్టి పెరిగిన ఊళ్లోనే, పోయినేడు పొలం కొన్నాడు. పొలం బాగుంది గానీ రోడ్డుకు ఆనుకున్న మూల పక్కవాళ్లది. ఆ పక్క చేను మరియమ్మ అనే ఆమె పేరు మీద ఉంది. ఆమె పుణెలో బిల్డింగు పనికి పోయిందని, ఎనిమిది నెలలుగా చేను బీడు పడిందని చెప్పాడు. హద్దు తేల్చాలి, ముందు ఒకసారి వచ్చి చూసిపొమ్మని పిలిచాడు.

వెళ్లాను. జనార్దన్ పొలంలో పత్తి నడుము ఎత్తున ఉంది, కొలవడానికి వీల్లేదు. మిషన్ బండిలోంచి దించనేలేదు, గడ్డిలో హద్దురాయి కోసం వెతకనూ లేదు. మరి పిలిచిన మనిషి ఊరికే పంపుతాడా? దాబా నుంచి పార్సిళ్లు వచ్చాయి. తందూరీ కోళ్లు వెండికాగితంలో చుట్టినవి, మటన్, సీసాలు. పక్క బీడులో ఒక తుమ్మచెట్టు ఉంది, దాని నీడలో మూడడుగుల వెడల్పున మట్టిదిబ్బ. చుట్టూ నాలుగు రాళ్లు, ఒక పక్కన విరిగిన కట్టె. "ఈడ కూసోండి సాబ్, సల్లగుంటది" అని జనార్దన్ ఆ దిబ్బ మీద తువ్వాలు పరిచాడు. కూర్చున్నాను. తిన్నాను. బాగా తిన్నాను. నమిలిన ఎముకలు ఎక్కడివక్కడే పడేశాను.

తింటూ తింటూ జనార్దన్ అడిగాడు, పాత రాళ్లు నిజంగా పాతచోటనే ఉంటాయా అని. నా నోటి తీట అక్కడ మొదలైంది. నాలుగు ముక్కలు లోపలికి పోతే పెద్ద పండితుణ్నైపోతాను నేను. రాయిని ఎవడు నమ్ముతాడు సేటూ, రాయి కింద బొగ్గు చూస్తాం మేము, అని మొదలుపెట్టి మొత్తం చెప్పేశాను. ఎంత లోతు, ఎంత బొగ్గు, పెంకులు ఎలా వేస్తారు. ఈ ఊరి బాలస్వామి అనే చైన్‌మన్ నాకు నేర్పాడని కూడా గొప్పగా చెప్పుకున్నాను. జనార్దన్ నమలడం ఆపలేదు. "అట్లనా" అన్నాడు, అంతే.

పెంకును బోర్లా మూసే సంగతి ఒక్కటి చెప్పలేదు. దాచాలని కాదు. ఆ సమయానికి నోట్లో ముక్క ఉంది.

మూడు నెలల తర్వాత, పత్తి పీకేశాక, హద్దు తేల్చే రోజు పెట్టారు. నోటీసు అందుకుని మరియమ్మ పుణె నుంచి వచ్చింది. నలభై ఏళ్లుంటాయి. సిమెంటు పనికి అరచేతులు పగిలిపోయి ఉన్నాయి. భర్త లేడు, ఒక్కతే వచ్చింది. పంచులుగా, అంటే సాక్షులుగా, ఊరివాళ్లు అయిదుగురు కూర్చున్నారు. అందులో ఇద్దరు జనార్దన్ ట్రాక్టర్లు నడిపేవాళ్లే, మిగిలిన ముగ్గురూ అతని దాబాలో తినేవాళ్లు. నాకు రాడ్ పట్టడానికి యాదయ్య వచ్చాడు. యాభై ఏళ్ల మనిషి, పదేళ్లుగా నాతోనే ఉన్నాడు.

చేను గుర్తుపట్టలేనట్టు మారిపోయింది. బీడంతా ట్రాక్టరుతో దున్నేశారు. తుమ్మచెట్టు లేదు, మొదలు కూడా లేదు. దిబ్బ లేదు. హద్దురాయి మాత్రం ఠీవిగా నిలబడి ఉంది, మరియమ్మ చేను లోపలికి. రోడ్డు మూల మొత్తం జనార్దన్ వైపు వెళ్లిపోయింది.

మరియమ్మ ఆ రాయిని చూసి గుండె బాదుకుంది. "ఈడ కాదు సార్ రాయి. మా మామ సమాధి తల దిక్కున, ఆరడుగుల దూరంల ఉండె. సమాధి యాడ పోయింది? దున్నేసిండ్రు! యాడ పండిండో కూడ తెల్వకుండ చేసిండ్రు!"

మీ మామ పేరేందమ్మా అని అడిగాను. అడగకుండా ఉంటే బాగుండేది.

"బాలస్వామి. మీ అసుంటి సార్ల వెంబడి చైన్‌మన్ పని చేసిండు. నన్ను రాయి కాడనే పెట్టుండ్రి, కావలుంట అన్నడు సార్. గందుకే చర్చి గుడి కాడ జాగ ఉన్నా ఈడ పెట్టినం."

జనార్దన్ వైపు చూశాను. అతను పక్కకు తిరిగి ఉమ్మేశాడు.

పాత రికార్డు ఉంటే రాయి ఎక్కడుండాలో లెక్కగట్టి చెప్పొచ్చు. ఆ సర్వే నంబరు పాత పటం నకలు నా దగ్గరే ఉంది. కానీ సరిగ్గా ఆ మూల దగ్గర అసలు కాగితాన్నే చెదలు తినేశాయి, నకల్లో అక్కడ తెల్లటి బొక్క. కాబట్టి ఆ మూలకు రాయే సాక్ష్యం. రాయి మీద అనుమానం వస్తే, రాయి కింద ఉన్నది సాక్ష్యం.

ఆ మాట నేను అనకముందే జనార్దన్ అన్నాడు. "తవ్వి చూడుండ్రి. అసలు రాయి అయితె కింద బొగ్గుంటదట. సర్వేయర్ సాబే చెప్పిండు." పంచులు తలలూపారు.

తవ్వారు. అడుగున్నర లోతులో బొగ్గు కనిపించింది, పెంకులు కనిపించాయి. పంచులు ఒకరి మొహం ఒకరు చూసుకుని ఇంకేముంది అన్నట్టు బీడీలు తీశారు. మరియమ్మ ఆ గుంటలోకి చూస్తూ నిలబడింది. ఆమెకు బొగ్గు సంగతి తెలుసు. మామ చెప్పే ఉంటాడు.

నేను గుంట దగ్గర వంగాను. అది కట్టెబొగ్గు కాదు. దాబా పొయ్యిలో వాడే సంచి బొగ్గు, మట్టి ఇంకా సరిగా అంటనే లేదు. పెంకులు అడ్డదిడ్డంగా పడి ఉన్నాయి, ఒక్కటీ బోర్లా లేదు. బొగ్గు మధ్యలో వేలెడంత వెండికాగితం మెరిసింది. తందూరీ కోడి చుట్టిన కాగితం.

దాన్ని నేను చూశాను. ఇంకెవరూ చూడలేదు. చెప్పు ముందుకు జరిపి మన్ను తోసి కప్పేశాను.

నా కాలు దానంతట అదే కదిలిందని అబద్ధం చెప్పను. నేనే కదిపాను. ఎందుకని అడిగితే నా దగ్గర గొప్ప కారణం కూడా లేదు. కొల్లాపూర్ దారిలో వేయబోయే ప్లాట్ల వెంచరు కొలత పని ఇప్పిస్తానని జనార్దన్ అన్నాడు. తిని ఉన్నాను. గొడవ ఎందుకనిపించింది. మొత్తం ఇంతే. ఛీ, దీనికోసమా అని మీరనుకుంటారు. నేనూ అదే అనుకుంటాను, రోజూ.

సరే, కొలిచి ముగిద్దామని టోటల్ స్టేషన్ నిలబెట్టాను. ఈ మిషన్ ఎలా పని చేస్తుందో నాలుగు మాటల్లో చెబుతాను, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. కొలవాల్సిన చోట ఒక మనిషి చిన్న అద్దం బిగించిన రాడ్ పట్టుకుని నిలబడతాడు. మనం దుర్భిణిలో ఆ అద్దానికి గురిపెట్టి బటన్ నొక్కుతాం. మిషన్‌లోంచి పోయిన కాంతి అద్దానికి తగిలి తిరిగొస్తుంది, దూరం తెర మీద అంకెల్లో పడుతుంది. నేను పెట్టుకునే పద్ధతిలో అద్దం లేకపోతే దూరం రాదు. ఇంకో ముఖ్యమైన సంగతి, ఇందులో మనిషి నిలువుగానే కనిపిస్తాడు. తలకిందుల బాధ ఇందులో లేదు.

పన్నెండు దాటింది. యాదయ్య జరిపిన రాయి దగ్గర అద్దం పట్టుకుని నిలబడ్డాడు. దుర్భిణిలో కన్ను పెట్టి అతని కోసం కుడి నుంచి ఎడమకు మెల్లగా తిప్పుతున్నాను.

మధ్యలో ఒకచోట లోకం తిరగబడింది. నేల పైన, ఆకాశం కింద. ఆ మధ్యలో ఒక మనిషి తలకిందులుగా నిలబడి ఉన్నాడు. మోకాళ్ల దాకా మడిచిన పంచె. కాళ్లు రెండూ దగ్గరికి చేర్చి ఉన్నాయి. ముందర ఎర్ర, తెల్ల పట్టీల రాడ్. దాన్ని రెండు వేళ్లతో పట్టుకున్నాడు, వదులుగా. ఎడమ భుజం మీది తువ్వాలు పైకి వేలాడుతోంది. మొహం ఎండకు తెల్లగా కరిగిపోయినట్టు ఉంది, పోల్చుకోలేకపోయాను.

తల ఎత్తి చూశాను. అక్కడ దున్నిన మన్ను తప్ప ఏమీ లేదు. మళ్లీ కన్ను పెట్టాను. ఉన్నాడు. ఎడమకు తిప్పితే యాదయ్య, నిలువుగా, చెమట తుడుచుకుంటూ. కుడికి తిప్పితే ఆయన, తలకిందులుగా.

ఎండకు నేల మీద గాలి వేడెక్కితే వస్తువులు తలకిందులుగా కనిపించడం నాకు కొత్త కాదు. తారు రోడ్డు మీద నీళ్లున్నట్టు కనిపించేది కూడా అదే. కానీ దానికి అసలు వస్తువు ఒకటి ఉండాలి. నీడ పడాలంటే మనిషి ఉండాలి కదా. చుట్టూ ఉన్నవాళ్లను లెక్కపెట్టాను. అందరూ నా వెనకే, వేపచెట్టు కింద కూర్చుని ఉన్నారు. పంచె కట్టినవాడు ఒక్కడూ లేడు.

ఏం చేయాలో తెలియక, చేతికి అలవాటైన పనే చేశాను. గురి పెట్టి బటన్ నొక్కాను. బీప్‌మని దూరం వచ్చింది. నూట పన్నెండు మీటర్ల మూడు వందల నలభై ఆరు మిల్లీమీటర్లు.

అద్దం యాదయ్య చేతిలో ఉంది. రెండో అద్దం పెట్టెలో, పెట్టె నా కాళ్ల దగ్గర. మిషన్‌కు కాంతిని తిప్పి పంపింది ఏమిటి? మళ్లీ నొక్కాను. అదే అంకె. నీళ్లు తాగి, మిషన్ సెట్టింగు చూసుకుని, మూడోసారి నొక్కాను. అదే అంకె, ఒక్క మిల్లీమీటరు తేడా లేదు. మిట్ట మధ్యాహ్నం ఎండలో గాలి కదులుతుంటే మామూలు అద్దం కూడా అంత నిలకడగా అంకె ఇవ్వదు.

మూడోసారి తర్వాత కన్ను పెట్టి చూస్తే దుర్భిణిలో అంతా సవ్యంగా ఉంది. నేల కింద, ఆకాశం పైన. దున్నిన మన్ను.

అప్పటికి నాకు భయం వేసిందని రాస్తే బాగుంటుందేమో. వేయలేదు. నాకు సిగ్గేసింది. ఆ పెద్దాయన ఆరేళ్లు నాకు అలాగే నిలబడి గురి ఇచ్చాడు. నేను సరిగ్గా చూసుకునేదాకా కదిలేవాడు కాదు.

యాదయ్యను కుడికి రమ్మని చెయ్యి ఊపాను. "ఆడేముంది సార్, ఉత్త మన్నే" అని అరిచాడు. రమ్మన్నాను. కొంచెం ముందుకు, వెనక్కి, పక్కకు జరుపుతూ సరిగ్గా ఆ అంకె వచ్చేచోట ఆపాను. అక్కడ తవ్వమన్నాను. జరిపిన రాయికి అది దాదాపు ఇరవై మీటర్ల దూరం.

జనార్దన్ లేచి వచ్చాడు. "గదేంది సాబ్, తవ్వుడు అయిపోయింది కద?" అన్నాడు. ఒక గుర్తు సరిచూసుకోవాలి అన్నాను.

అడుగున్నర తవ్వేసరికి గడ్డపార టంగుమంది. యాదయ్య చేత్తో మన్ను తీశాడు. నల్లటి కుండపెంకు, అంచు ఉన్న పెద్ద ముక్క, బోర్లా మూసి ఉంది. దాన్ని ఎత్తితే కింద కట్టెబొగ్గు. కట్టె చారలు కూడా చెక్కు చెదరలేదు. పెంకు మూత కింద ఎవరో నిన్న పోసినట్టు పొడిగా ఉంది.

మరియమ్మ పరుగెత్తుకుంటూ వచ్చి ఆ పెంకును రెండు చేతుల్లోకి తీసుకుంది. "మా మామ పెట్టిన పెంకు సార్. ఆయన గిట్లనే బోర్లిస్తడు" అంది. పంచులకు చూపించింది. ఒక్కొక్కరి ముందు ఆగి, ఒక్కొక్కరి మొహం చూస్తూ చూపించింది.

అప్పుడు నేను మొదట తవ్విన గుంట దగ్గరికి వెళ్లి, నా చెప్పుతో తోసిన మన్ను నేనే తీసి, వెండికాగితం పట్టుకొచ్చి అందరి ముందు పెట్టాను. ఇది దాబా బొగ్గు, ఇది దాబా కాగితం అన్నాను. దీన్ని ఇందాక కప్పింది నేనే అని మాత్రం అనలేదు. అంత దమ్ము నాకు లేదు.

పంచులు నీళ్లు నమిలారు. అందులో పెద్దాయన ఒకడు, దాబాలో తినేవాడే, చివరికి "బొగ్గు అబద్ధం చెప్పదు, రాయి ఈడనే" అన్నాడు. మిగిలినవాళ్లు వేలిముద్రలు, సంతకాలు పెట్టారు. జనార్దన్ నా దగ్గరికొచ్చి చెవిలో అన్నట్టుగా అన్నాడు. "నా ముక్కలు తిని నాకే గుంత తీస్తివి కద సాబ్." అతని నోటి నుంచి పొద్దుటి మాంసం వాసన వచ్చింది. నేను గట్టు అవతలికి పోయి వాంతి చేసుకున్నాను.

అంతటితో అయిపోతే ఎంత బాగుండు. రాయి చోటు తెలిసింది కాబట్టి మరియమ్మ అక్కడి నుంచి ఆరడుగులు కొలుచుకుంది, తన కాళ్లతోనే. మోకాళ్ల మీద కూర్చుని సమాధి చోట దున్నిన మన్నును చేతుల్తో సర్దడం మొదలుపెట్టింది. మన్నులోంచి ఏవేవో వస్తున్నాయి. వెండికాగితం పీలికలు. ప్లాస్టిక్ గ్లాసు. ఎముకలు. కోడివి, మేకవి. ఆమె ఒక్కొక్కటీ ఏరి కొంగులో వేసుకుంటోంది.

"మా మామ మీద కూసోని తిన్నరు సార్. ఏ కుక్కలు తిన్నయో" అంది.

ఆ కుక్కల్లో ఒకటి ఆమె ఎదురుగానే నిలబడి ఉంది. తుమ్మచెట్టు నీడ, చల్లగా ఉంటుందని పరిచిన తువ్వాలు, చుట్టూ నాలుగు రాళ్లు, విరిగిన కట్టె, అన్నీ నాకు గుర్తొచ్చాయి. ఆ కట్టె సిలువ. బాలస్వామి నేర్పిన విద్యను బాలస్వామి గుండెల మీద కూర్చుని, ఎముకలు చప్పరిస్తూ, ఆయన భూమిని కాజేసేవాడికి అమ్మేశాను. అమ్మానని కూడా అనకూడదు. ఊరికే ఇచ్చేశాను.

నేను కూడా కూర్చుని ఎముకలు ఏరాను. వద్దు సార్, మీకెందుకు అంది. ఏరుతూనే ఉన్నాను. వాటిలో నేను నమిలినవి ఏవో తెలియదు. ఆ రోజు నుంచి నేను మాంసం ముట్టలేదు. ఇది వ్రతం కాదు, వాసన వస్తే చాలు లేచి బయటికి పోతాను.

మిషన్ సంగతి కూడా రాస్తాను. అందులో ప్రతి కొలతా సమయంతో సహా నమోదవుతుంది. ఇంటికొచ్చి చూస్తే ఆ మూడు కొలతలూ ఉన్నాయి. మూడు నొక్కడానికి, మధ్యలో నీళ్లు తాగి, సెట్టింగు చూసుకోవడానికి నాకు అయిదు నిమిషాలైనా పట్టింది. ఫైల్లో మాత్రం మూడింటికీ ఒకే సమయం, సెకనుతో సహా. వాటి ముందు, తర్వాత ఉన్న కొలతల సమయాలు సరిగ్గానే ఉన్నాయి. మిషన్‌ను హైదరాబాద్ తీసుకుపోయి బాగుచేసేవాడికి ఇచ్చాను. వారం ఉంచుకుని, దుర్భిణిలో గానీ గడియారంలో గానీ ఏ దోషమూ లేదని తిరిగిచ్చేశాడు. తలకిందులుగా కనిపించే అవకాశం ఉందా అని అడిగితే నన్ను ఎగాదిగా చూశాడు.

దున్నిన నేలలో గాజుపెంకు ఏదైనా మెరిసి కాంతిని తిప్పి పంపిందేమో అనుకున్నాను. మర్నాడే వెళ్లి వెతికాను. దొరకలేదు. ఎండదెబ్బకు, తప్పు చేసిన బెదురుకు నా కళ్లే కల్పించి చూపించాయా అంటే, అలాగే అనుకుందాం. మరి ఆ అంకె ఎవరి కళ్లకు కనిపించింది? బొగ్గు సరిగ్గా ఆ అంకె కిందే ఎందుకుంది?

అసలు రాయిని తిరిగి పాతడానికి నెల తర్వాత వెళ్లాను. ఎవరూ పిలవలేదు, నేనే వెళ్లాను. బొగ్గు పోసి, ఆ పాత పెంకునే బోర్లించి, రాయి నిలబెట్టాం. మరియమ్మ సమాధికి కొత్త సిలువ చేయించింది. యాదయ్యను బండి దగ్గరికి పంపి, ఆమెకు అన్నీ చెప్పాను. బొగ్గు గుట్టు జనార్దన్‌కు చెప్పింది నేనే అని. ఈ దిబ్బ మీద కూర్చుని తిన్నది నేనే అని. వెండికాగితాన్ని చెప్పుతో కప్పింది నేనే అని. దుర్భిణిలో చూసింది కూడా చెప్పాను.

తిడుతుందనుకున్నాను. చెయ్యెత్తినా పడేవాణ్ని. ఆమె రాయి చుట్టూ మన్ను కాలితో తొక్కి గట్టిచేసింది. తర్వాత తల ఎత్తకుండానే అడిగింది.

"మరి మా మామ ఎవరికోసం రాడ్ పట్టిండు సార్? భూమి కోసమా, నీ కోసమా?"

భూమి కోసమైతే అర్థముంది. కావలుంటానన్నాడు, ఉన్నాడు అనుకోవచ్చు. కానీ భూమి కోసమే అయితే ఆయన పంచుల్లో ఎవరికైనా కనిపించవచ్చు, మరియమ్మకే కనిపించవచ్చు. నాకెందుకు కనిపించాడు? అదీ మా ఇద్దరికే తెలిసిన ఆ పాత తీరులో, తలకిందులుగా, రెండు వేళ్లతో, నేను సరిగ్గా చూసేదాకా కదలకుండా?

నేను దయ్యాలను నమ్మను. నా కోసమే నిలబడ్డాడంటే అది ఇంకా నమ్మలేను. అంత ఎండలో ఒక మనిషి నిలబడేంతటి విలువ నాకు లేదని, నా చెప్పు కింద ఏముందో చూసిన ఆయనకు తెలియదా? తెలిసీ ఎందుకు నిలబడ్డాడో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.